మా రోజుల్లో గిటారుకి ఊరుండేది

ఇప్పుడు బ్లూస్ వాయించే కుర్రాళ్లందరిదీ ఒకటే ఊరు. ఆ ఊరి పేరు యూట్యూబ్. ఓస్లోలో పుట్టినా, ఒసాకాలో పుట్టినా, ఇక్కడ షికాగోలోనే పుట్టి పెరిగినా అవే పన్నెండు బార్ల తాళపు చుట్టు, అవే నాలుగు గమకాలు, తీగ సాగదీసేటప్పుడు అదే మొహం చిట్లింపు. బాగా వాయించరని నేననను. బ్రహ్మాండంగా వాయిస్తారు. వేళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. కళ్లు మూసుకుని వింటే మాత్రం ఎవడు ఎవడో తెలియదు.

మా రోజుల్లో రికార్డు మీద సూది పెట్టిన అరనిమిషంలో పాడే మనిషిది ఏ రాష్ట్రమో చెప్పేసేవాళ్లం. చెవి కాస్త ముదిరినవాళ్లయితే ఏ జిల్లానో కూడా చెప్పేవాళ్లు. మన దగ్గర మనిషి నోరు విప్పగానే ఇతనిది శ్రీకాకుళమో, కడపో, కరీంనగరో తెలిసిపోదూ? గిటారుకీ అలాంటి యాస ఉండేది.

ఈ మాట మా మనవడితో అంటే "తాతయ్యా, నీకు పాతవన్నీ గొప్పే" అంటాడు. వాడూ గిటారు వాయిస్తాడు లెండి. తలుపేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాయిస్తాడు. ఇంట్లో మా చెవిన పడేది తీగల మీద గోళ్ల చప్పుడొక్కటే. వారమంతా పత్తి తీసిన జనం శనివారం రాత్రి ఓ పూరిపాకలో చేరి, తాగి, గంతులేయడానికి పుట్టిన సంగీతమిది. దాన్ని పక్కగదికి కూడా వినపడకుండా వాయించడమేమిటో నాకు అర్థం కాదు.

నేను ఉద్యోగానికని షికాగో వచ్చింది డెబ్బైలలో. అప్పటికి బ్లూస్ పెద్దల్లో హౌలిన్ వుల్ఫ్ బతికే ఉన్నాడు. మడ్డీ వాటర్స్ ఇంకా వేదికలెక్కుతున్నాడు. ఆదివారం వస్తే మన తెలుగువాళ్లంతా ఎవరో ఒకరింట్లో చేరి పప్పుచారు, పేకాట, ఊరి కబుర్లతో పొద్దుపుచ్చేవాళ్లు. నేను మాక్స్‌వెల్ స్ట్రీట్ సంతకి పోయేవాణ్ణి. పాత టైర్లు, పాత చొక్కాలు, ఉల్లిపాయలు వేయించే వాసన, వీటన్నిటి మధ్యా రోడ్డు వారన బ్యాండ్లు. సంగీతంవాళ్లు పక్కింటివాళ్ల చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, కిటికీలోంచి కరెంటు వైరు లాక్కుని యాంప్లిఫయర్లు పెట్టుకునేవాళ్లు. టికెట్టు లేదు, కుర్చీ లేదు. నచ్చితే డబ్బాలో చిల్లర వేస్తాం, లేకపోతే ముందుకు పోతాం. 1994లో యూనివర్సిటీ విస్తరణ అంటూ ఆ సంతనే అక్కణ్ణించి లేపేశారు.

ఇండియానా అవెన్యూలో థెరెసాస్ లాంజ్ అని ఒకటుండేది. మెట్లు దిగి వెళ్లాలి, నేలమాళిగ. జూనియర్ వెల్స్ అక్కడ మౌత్ ఆర్గాన్ వాయిస్తుంటే చెమట చుక్కలు ముందు వరసవాళ్ల మీద పడేవి. "ఆ పక్కలకి పోకయ్యా, ప్రమాదం" అని నాకు బుద్ధి చెప్పిన పెద్దమనుషులే ఇప్పుడు ఇండియా నుంచి చుట్టాలొస్తే ఉత్తరం వైపు క్లబ్బులకి తీసుకెళ్లి ఫోటోలు దిగి వస్తున్నారు. థెరెసాస్ 1983లో మూతపడింది. ఆ ఏడే మడ్డీ వాటర్స్ కూడా పోయాడు.

ఇప్పుడా క్లబ్బుల్లో తొమ్మిదయ్యేసరికి ఎవరో ఒక టూరిస్టు లేచి "స్వీట్ హోమ్ షికాగో" అడుగుతాడు. బ్యాండువాళ్లు పళ్లు బిగబట్టి నవ్వుతూ అందుకుంటారు. సభంతా చప్పట్లు. అది షికాగోలో పుట్టిన పాట కాదని ఒక్కడికీ పట్టదు. మిసిసిపీవాడు రాబర్ట్ జాన్సన్ 1936లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో, ఓ హోటల్ గదిలో ఒంటరిగా గిటారుతో పాడి రికార్డు చేసింది.

షికాగో బ్లూస్‌కి ఆ గట్టి చప్పుడు ఎందుకొచ్చిందో ఇప్పటివాళ్లు ఆలోచించరు. మడ్డీ వాటర్స్ 1943లో క్లార్క్స్‌డేల్ దగ్గరి స్టోవాల్ ప్లాంటేషన్‌లో ట్రాక్టరు తోలే పని వదిలేసి, ఇల్లినాయ్ సెంట్రల్ రైలెక్కి వచ్చాడు. ఊళ్లో ఒక్క గిటారు చాలేది. ఇక్కడి సారా కొట్టులో ఫ్యాక్టరీ దిగి వచ్చిన జనం గోలలో ఆ గిటారు ఎవరికి వినపడుతుంది? అందుకని ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. లిటిల్ వాల్టర్ మైకునీ మౌత్ ఆర్గాన్‌నీ కలిపి దోసిట్లో మూసి ఊదాడు. 1952లో వచ్చిన అతని "జ్యూక్" వినండి, అది మౌత్ ఆర్గాన్ అని చెబితే తప్ప తెలియదు. అవసరం కొద్దీ పుట్టిన గట్టితనం అది. ఇప్పుడు నలభైమంది పట్టే హాల్లో, అందరూ నోరు మూసుకుని వింటున్నా కూడా చెవులు చిల్లులు పడేలా పెడుతున్నారు. ఎవరి గోలని జయించడానికి నాయనా?

సరే, మడ్డీ వదిలొచ్చిన మిసిసిపీ డెల్టా సంగతి. సముద్రం పక్కన ఉంటుందనుకుంటారు మనవాళ్లు. కాదు. మిసిసిపీ, యాజూ నదుల మధ్య బల్లపరుపు ఒండ్రు నేల, చూపు ఆనినంత మేరా పత్తి. డాకరీ ప్లాంటేషన్‌లో చార్లీ ప్యాటన్ గిటారు పెట్టె మీద చేత్తో దరువేస్తూ, గరగర గొంతుతో పాడితే డోలు అక్కర్లేదు. సన్ హౌస్ ఒకప్పుడు చర్చిలో ప్రసంగాలు చేసినవాడు, పాడుతున్నప్పుడు కూడా ప్రసంగమే చేస్తున్నట్టుంటుంది. తీగ మీద లోహపు గొట్టం జారుస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇద్దరూ ఇద్దరే. కానీ ఇప్పటివాళ్లని అడగండి, డెల్టా అంటే రాబర్ట్ జాన్సన్ ఒక్కడే. అదీ పాటల వల్ల కాదు, నాలుగు రోడ్ల కూడలిలో అర్ధరాత్రి సైతానుకి ఆత్మని అమ్ముకున్నాడన్న కథ వల్ల. ఇదే కథ టామీ జాన్సన్ అనే ఇంకో ఆయన మీదా ఉంది. ఆ కూడలి మాదంటే మాదని ఊళ్లు కొట్టుకుంటున్నాయి, టీ షర్టులు అమ్ముకుంటున్నాయి. ఒక మనిషి కూర్చుని సాధన చేసి నేర్చుకున్నాడంటే నమ్మరు గానీ సైతాను నేర్పాడంటే నమ్ముతారు.

ఇక్కడే మా మనవడు నన్ను పట్టుకున్నాడు. "తాతయ్యా, రాబర్ట్ జాన్సన్ కూడా రికార్డులు వినే కదా నేర్చుకున్నాడు? లానీ జాన్సన్‌ని, లిరాయ్ కార్‌ని వినలేదా? వాళ్లిద్దరూ డెల్టావాళ్లు కాదుగా?" వెధవ, చదివాడు. నిజమే, విన్నాడు. 1920లో మామీ స్మిత్ బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడుపోయినప్పటి నుంచీ ఒక ఊరి పాట ఇంకో ఊరికి పెట్టెలో ప్రయాణం చేస్తూనే ఉంది. కానీ రికార్డు పాట వినిపిస్తుందే గానీ వేలు ఎక్కడ పెట్టాలో చూపించదు. విన్నదాన్ని ఎవడి చేతికొచ్చినట్టు వాడు పట్టుకునేవాడు. సగం తప్పు పట్టుకునేవాడు. ఆ తప్పులోంచే వాడి బాణీ వచ్చేది. ఇప్పుడు పక్కనుంచీ, పైనుంచీ కెమెరాలు పెట్టి, నెమ్మదిగా తిప్పి చూపించి, మూడో వేలు రెండో తీగ మీద అని రాసి మరీ పెడతారు. ఇక తప్పు చేసే అవకాశమేదీ?

టెక్సాస్‌వాళ్ల దగ్గరికొస్తే నాకు లైట్నిన్ హాప్కిన్స్ ప్రాణం. హ్యూస్టన్ మనిషి. పన్నెండు బార్లు అని పుస్తకాల్లో రాస్తారు చూడండి, ఆయన పదమూడు వాయిస్తాడు, పదకొండున్నర వాయిస్తాడు, మాట పూర్తయ్యేదాకా ఆగి అప్పుడు మారతాడు. వెనక వాయించేవాళ్లకి నరకం. ఈ కాలం యాప్‌లో తాళం పెట్టుకుని ప్రాక్టీసు చేసేవాడు ఆయన పక్కన ఒక్క పాట నిలబడలేడు. మెంఫిస్‌లో జగ్గులూ జాడీలూ ఊదే బ్యాండ్ల గురించి ఎంతోమంది మురిసిపోతారు, నాకు అంత పట్టలేదు. పెళ్లిలో వింటే బాగుంటుంది.

మళ్లీ మిసిసిపీకొస్తే, డెల్టాకి తూర్పున కొండ ప్రాంతముంది. పత్తి మైదానం దాటి కాస్త మెరక ఎక్కితే చాలు, సంగీతమే మారిపోతుంది. ఒకే శ్రుతి పట్టుకుని, దాన్ని వదలకుండా, జనం పూనకం వచ్చినట్టు ఊగేదాకా తిప్పి తిప్పి వాయిస్తారు. 1959లో అలన్ లోమాక్స్ అనే జానపద సేకర్త అక్కడికి వెళితే ఫ్రెడ్ మెక్‌డవెల్ అనే రైతు పగలంతా పత్తి తీసి, రాత్రి వచ్చి వాయించాడట. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ రికార్డు చేయలేదు. అక్కడి జూనియర్ కింబ్రో, ఆర్.ఎల్. బర్న్‌సైడ్ తొంభైలలో పేరుకొచ్చాక ఆ బాణీకి డ్రమ్ముల దబదబలు తగిలించి కార్ల ప్రకటనల సంగీతంలా తయారుచేశారు కొందరు. ఒకే శ్రుతి కదా, తేలిక అనుకున్నారు.

నా మనసులో పైనున్నవి రెండు. ఒకటి బెంటోనియా. మిసిసిపీలో చిన్న ఊరు. అక్కడివాళ్లు గిటారు తీగల్ని మైనర్ శ్రుతిలోకి దింపుకుంటారు. వేలు పెట్టకుండా ఊరికే మీటినా దిగులు పుడుతుంది. స్కిప్ జేమ్స్ ఆ ఊరివాడు. 1931లో విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌కి వెళ్లి పారమౌంట్‌కి రికార్డులిచ్చాడు. పారమౌంట్ అంటే ఏదో సంగీత సంస్థ అనుకునేరు, కుర్చీల కంపెనీవాళ్లది. గ్రామఫోను పెట్టెలు చేస్తున్నాం, అందులో పెట్టడానికి రికార్డులూ కావాలి కదా అని మొదలెట్టారు. అప్పుడు దేశమంతా ఆర్థిక మాంద్యం. రికార్డులు అమ్ముడుపోలేదు. ఆయన బ్లూస్ వదిలేసి చర్చి దారి పట్టాడు. 1964లో ముగ్గురు కుర్రాళ్లు వెతుక్కుంటూ పోతే ట్యునికాలో ఆసుపత్రి మంచం మీద దొరికాడు. ఆ వేసవిలోనే న్యూపోర్ట్ జానపదోత్సవ వేదిక మీద పాడాడు. పైస్థాయిలో సన్నగా, మనిషి ఇక్కడ లేనట్టు పాడే ఆ గొంతు కోసం నేను రాత్రిళ్లు దీపాలార్పి కూర్చున్నాను. మా ఆవిడకి మాత్రం ఆ గొంతంటే భయం. "ఆపండి, ఎవరో పోయినట్టుంది" అనేది.

ఆ బెంటోనియాలో 1948 నుంచీ బ్లూ ఫ్రంట్ కెఫే ఉంది. పెట్టినవాళ్ల కొడుకు జిమ్మీ "డక్" హోమ్స్ ఆ శ్రుతిలోనే వాయిస్తూ దాన్ని నడుపుకొస్తున్నాడు. ఊరి పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నవాడు. ఆ విషయంలో నాకు సణగడానికేమీ లేదు.

రెండోది పీడ్‌మాంట్. వర్జీనియా, కరోలినాల మెట్ట నేల. అక్కడి గిటారులో బొటనవేలు మంద్రపు తీగల మీద రెండు కాళ్ల నడకలా తాళం వేస్తుంటుంది, మిగతా వేళ్లు పైతీగల మీద పాట నడుపుతుంటాయి. ర్యాగ్‌టైమ్ పియానోలో రెండు చేతులూ చేసే పని ఒక్క చేత్తో. డెల్టాలో ఉండే ఉరుము ఇందులో ఉండదు. నవ్వుతూ చెప్పే దుఃఖం.

నాకది ఎక్కడానికి ఇంకో కారణముంది. మాది గుంటూరు జిల్లా. మా నాన్న వర్జీనియా పొగాకు వేసేవాడు. సీజన్లో రాత్రంతా ఆకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మేలుకుని పొయ్యి చూసుకోవాలి, వేడి కాస్త ఎక్కువైనా ఆకు పాడవుతుంది. ఆ వర్జీనియా ఆకుని వేడిగాలితో ఆరబెట్టే విద్య పుట్టింది వర్జీనియా, నార్త్ కరోలినా సరిహద్దు పల్లెల్లోనే. అక్కడి డర్హమ్‌లో పొగాకు గోడౌన్ల బయట, వేలం అయ్యాక చేతిలో డబ్బాడే రైతుల కోసం బ్లైండ్ బాయ్ ఫుల్లర్ వీధిలో నిలబడి వాయించేవాడు. 1941లో పోయాడు. ఆయన రికార్డు మొదటిసారి విన్నప్పుడు నాకివేవీ తెలియవు. అట్ట వెనక చదివి తెలుసుకున్నాను. ఎవరు, ఏ ఊరు, ఏ పని చేసేవాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, అన్నీ అట్ట వెనకే చిన్న అక్షరాల్లో ఉండేవి. ఇప్పుడు ఫోన్లో "వానాకాలం సాయంత్రాల బ్లూస్" అని ఒక జాబితా వస్తుంది. ఫుల్లర్ తరవాత ఎవడో ఇంగ్లండు కుర్రాడు, వాడి తరవాత ఊరూ పేరూ లేని మిషన్ సంగీతం. అట్టే లేదు, ఇక వెనకేముంటుంది?

ఆ పీడ్‌మాంట్‌లోనే ఎలిజబెత్ కాటెన్. ఆవిడది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ల గిటారుని తీగలు మార్చకుండా అలాగే తిరగేసి పట్టుకుంది. దాంతో అంతా తలకిందులు. వేళ్లు మంద్రం, బొటనవేలు పాట. "ఫ్రైట్ ట్రైన్" చిన్నపిల్లగా ఉన్నప్పుడే కట్టింది. తరవాత పెళ్లి, పిల్లలు, ఇళ్లల్లో పని, దశాబ్దాల పాటు గిటారు ముట్టలేదు. వాషింగ్టన్‌లో సీగర్లనే జానపద సంగీత కుటుంబం ఇంట పనిలో చేరాక, గోడకి వేలాడుతున్న గిటారు చూసి మళ్లీ తీసింది. తొంభై దాటిన వయసులో గ్రామీ అందుకుంది. మా మనవణ్ణి కూర్చోబెట్టి ఆవిడ వాయించడం చూపించాను. అదీ యూట్యూబ్‌లోనే, ఏం చేస్తాం. వాడు నోరు తెరుచుకుని చూసి, "ఇది తప్పు పద్ధతి కదా తాతయ్యా, ఎలా నేర్చుకోవాలి?" అన్నాడు. నేర్పేవాళ్లు లేకపోతే వస్తుందిరా అన్నాను.

వాడు ఊరుకునే రకమా? "బెంటోనియా అంటావు, కరోలినా అంటావు, హ్యూస్టన్ అంటావు. నీకు నచ్చినవాళ్లెవరూ ఈ ఊరివాళ్లు కాదు. మరి ఇన్నేళ్లు షికాగోలో ఎందుకున్నావు?" అని అడిగాడు.

షికాగోవాళ్లు మాత్రం షికాగోవాళ్లా ఏంట్రా? మడ్డీది స్టోవాల్. వుల్ఫ్‌ది వైట్ స్టేషన్. విల్లీ డిక్సన్ విక్స్‌బర్గ్ నుంచి వచ్చాడు. లిటిల్ వాల్టర్‌ది లూసియానాలో మార్క్స్‌విల్, బడ్డీ గైది అదే రాష్ట్రంలో లెట్స్‌వర్త్. అందరూ పని దొరుకుతుందని వచ్చారు. నేనూ అందుకే వచ్చాను.