నా ప్రశ్నలకు ఎవరి జవాబులో

లూధియానాలో పుట్టాను. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సైకిళ్ళు చేసేది మా హీరో కంపెనీయేనని 1986లో గిన్నిస్ బుక్కులోకి ఎక్కింది. ఆ మరుసటేడు నేను బయటికొచ్చాను. 22 అంగుళాల ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, నల్ల రంగు. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసిన తాతగారు నన్ను కొన్నారు. మిరపకాయల శాంపిల్ సంచులు మోసీ మోసీ నా క్యారియరుకు ఎంత ఘాటు పట్టిందంటే, దానిమీద కూర్చున్నవాడు తుమ్మకుండా ఇల్లు చేరేవాడు కాదు.

ఇప్పుడు బ్రాడీపేటలో మెట్ల కింద నా కాపురం. తొక్కేవాళ్ళు లేరు గానీ, ఆమధ్య నా గురించి మాట్లాడేవాళ్ళు పుట్టుకొచ్చారు. ఐఈఎల్‌టీఎస్ పుణ్యం!

తాతగారి మనవరాలు పైచదువులకు విదేశం వెళ్ళాలని ఆ ఇంగ్లీషు పరీక్షకు కూర్చుంది. ఇంట్లో టీవీ గోల పడలేక మెట్ల కిందికొచ్చి, ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ పచార్లు చేసేది. చిన్నప్పుడు నీకు సైకిలుండేదా, మీ దేశంలో సైకిలు తొక్కేవాళ్ళు ఎక్కువేనా అని తనే అడిగేది, తనే జవాబు చెప్పేది. కోచింగువాళ్ళిచ్చిన కాయితంలో జవాబులు. సైకిలు పర్యావరణానికి మేలు, పొగ రాదు, గుండెకు మంచిది. వింటుంటే పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి పొగిడినట్టుండేది. అన్నీ నిజమే, ఒక్కటీ నా గురించి కాదు. ఒకరోజు ఏకంగా, "నాకు ఎర్ర సైకిలుండేది, పుట్టినరోజుకు నాన్న కొనిచ్చారు" అని ఇంగ్లీషులో దంచేసింది. ఎదురుగా నేను నల్లగా నిలబడే ఉన్నాను!

అబద్ధం చెబితే మార్కులు పోతాయా అంటే, పోవట. స్పీకింగ్ పరీక్షలో 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలుగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి. ధారాళంగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ సమానంగా మార్కులు. నీ సైకిలు బిల్లు చూపించమని ఎగ్జామినరు అడగడు. కాకపోతే రోజూ అదే పని చేసేవాడికి బట్టీ జవాబు ఇట్టే తెలిసిపోతుంది. ఇంకో ప్రశ్న పక్కనుంచి వేస్తాడు. దానికి కాయితంలో జవాబుండదు.

ఆ ఎర్ర సైకిలు మాట కాఫీ గ్లాసుతో బయటికొచ్చిన తాతగారి చెవిన పడింది.

"ఏమే అమ్మలూ, ఎర్ర సైకిలెవరిదే?"

"పరీక్షకి తాతయ్యా. ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఏదో ఒకటెందుకే? దీని చైను నీ పట్టులంగా నమిలేసిందే, అది చెప్పు."

ఫక్కున నవ్వింది. నవ్వాక రికార్డింగు నొక్కి, ఇంగ్లీషులోనే చెప్పింది. సీటు అందక బార్ కిందనుంచి కాలు దూర్చి దొంగతొక్కుడు తొక్కడం, సంక్రాంతికి కుట్టించిన లంగా అంచు చైనులో పడటం, తాతగారు రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని పెడలు కొంచెం కొంచెంగా తిప్పుతూ జరీని పోగుపోగుగా విడదీయడం, నానమ్మకేం చెప్పాలో ఇద్దరూ దారిపొడుగునా మంతనాలాడటం. మధ్యలో ఆగింది. భూతకాలం ఒకచోట తప్పి తనే సరిదిద్దుకుంది. కానీ ఆ ఆగడం తర్వాత ఏమైందో గుర్తుచేసుకోవడానికి. కాయితంలో తర్వాతి లైను మరిచిపోయి ఆగితే గొంతు వేరేగా ఉంటుంది; అన్ని రోజులు విన్నాను, నాకు తెలియదా? తాతగారికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా నవ్వాల్సిన చోటే నవ్వారు.

తీరా పరీక్షలో సైకిలు ఊసే రాలేదు. మొదటి భాగంలో చెప్పులూ బూట్ల గురించి అడిగారట! రెండో భాగంలో కార్డు చేతికిచ్చి, నీకెవరైనా సాయం చేసిన సందర్భం చెప్పమన్నారట. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి మహా అయితే రెండు. నా చైనూ తన లంగా సంగతే ఎత్తుకుందట. ఆపమనేదాకా చెబుతూనే ఉందట.

ఇప్పుడు నెదర్లాండ్స్‌లో, డెల్ఫ్ట్‌లో చదువుతోంది. ఆ దేశంలో మనుషులకంటే సైకిళ్ళే ఎక్కువ. మొన్న వీడియో కాల్‌లో తను కొన్న పాత సైకిలు చూపించింది. తాతగారు కళ్ళజోడు సర్దుకుని హ్యాండిలంతా వెతికారు.

"బ్రేకులేవే?"

"పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది తాతయ్యా."

"వెనక్కి తొక్కితే మనదానికి చైనూడుతుంది" అన్నారాయన నావైపు చూసి. ఆ చైనుకు ఆయిలు వేసి ఎన్నేళ్ళయిందో మాత్రం చెప్పలేదు.