అర్జీల మామ

అర్ధవీడు మండలాఫీసు దగ్గర చెట్టు కింద ఒక మడత బల్ల, దాని వెనక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో మనిషి, మనిషి చెవి మీద బాల్‌పెన్ను. ఆయనే అర్జీల మామ. ఆ పెన్నులో ఇంకు ఎండిపోయి ఎన్నేళ్లయిందో ఆయనకే తెలీదు. "తీస్తే నాకు పనిలేదనుకుంటారబ్బయా" అంటాడు.

పేరు మార్చుకుంటే ఇలాంటి మామ ప్రతి మండలంలోనూ ఉంటాడు. 1985లో మండలాలు పుట్టినప్పుడే కార్బన్ పేపర్లతో సహా ఈయనా పుట్టాడు. తర్వాత కంభం పోయి టైపు నేర్చుకొచ్చాడు. లోయరు పాసై, హయ్యరుకు ఫీజు కట్టేలోపు కంప్యూటరు దిగింది. సరే, మౌసు పట్టాడు. 2011లో మీసేవ వచ్చింది. మామ పని అయిపోయిందన్నారు. బల్ల మీసేవ గుమ్మం పక్కకు జరిపాడు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలొచ్చాయి. మళ్లీ అయిపోయిందన్నారు. బల్ల మళ్లీ జరిగింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో ఏకంగా వాట్సాప్‌లోకే 161 సేవలొచ్చాయి. ఈసారి బల్ల జరపాల్సిన పనే పడలేదు. ఫోన్లో ఏది నొక్కాలో కనుక్కోవడానికి జనమే చెట్టు కిందికి వచ్చారు.

"మార్కాపురం పలకకు పట్టిన గతే నీకూ పట్టుద్ది మామా" అని టీకొట్టు కాడ కుర్రాళ్లు ఏడిపిస్తారు. "పలక పోయింది సరేరా, అ ఆలు పోయినాయా?" అని మామ గ్లాసు కింద పెడతాడు.

సామాను మారింది గానీ మాట మారలేదు. అప్పట్లో "దొరగారు క్యాంపులో ఉన్నారు, సోమవారం రా" అనేవాడు. ఇప్పుడు "సర్వరు డౌనయింది, సోమవారం రా" అంటున్నాడు. వచ్చేవాళ్లకు రెండూ ఒకటే. సోమవారమే ముఖ్యం.

మామ అసలు ఆస్తి ఒక అట్ట చిరిగిన నోటుబుక్కు. అందులో ఓటీపీల లెక్క ఉంటుంది. అవ్వ ఇక్కడుంటే ఆధార్‌కు కట్టిన నంబరు బెంగళూరులో సెంట్రింగు పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. ఏ కొడుకు ఎన్నింటికి అన్నానికి దిగుతాడు, ఎవరు మొదటి రింగుకే ఎత్తుతారు, ఎవరికి పెళ్లాం చేత చేయించాలి, అన్నీ రాసిపెట్టుకున్నాడు. ఈ కోర్సు ఏ కాలేజీలోనూ లేదు.

మొన్న మా అక్క కొడుకును తీసుకెళ్లాను. బీటెక్ అయింది, ఏఐ కోర్సు నడుస్తోంది. "ఇంకో ఏడాదికి ఈ పని మొత్తం మిషనే చేసేస్తది తాతా" అన్నాడు. "మంచిదే, నా నడుమూ నొప్పెడతాంది. కూర్చో" అని మామ తన కుర్చీ వాడికిచ్చాడు.

ఒక అవ్వ వచ్చింది. పాసుపుస్తకం, ఆధార్ కార్డు బల్ల మీద పెట్టింది. రెంటిలోనూ పేరు కలవడం లేదు. కోడలి సంగతి, గొడ్ల సంగతి, మోకాళ్ల సంగతి చెప్పుకుంటూ పోయింది. వాడు రెండు మాటలు విని ఫోనుకు చెప్పాడు. పాసుపుస్తకంలో పేరు సవరించమని తహసీల్దారు గారికి వినమ్రతాపూర్వకమైన అర్జీ నిమిషంలో తయారైంది. మామ కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"బ్రహ్మాండం. నాకైతే అరగంట పట్టేది."

వాడు పంపబోయాడు.

"ఉండు, అప్పుడే పంపబాక."

"ఇంకేముంది తాతా?"

"అవ్వ ఇంకా లేవలేదు గదా. అసలు సంగతి ఎవురైనా లేచేటప్పుడే చెప్తారు."

అవ్వ కాగితాలు సంచిలో పెట్టుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అవునూ నాయనా, పుస్తకంలో ఉండే పేరు సరైందే. ఆ కార్డులోదే తప్పు."

మావాడి వేలు ఫోను మీద అట్టాగే ఆగిపోయింది. మామ ఏమీ అనలేదు. చెవి మీద పెన్ను సర్దుకున్నాడు.