అడవికి యాభై రూపాయలు

నార్సింగిలో రెండు కోట్ల ఫ్లాటు కొన్నవాడు రిజిస్ట్రేషను నాడు ప్రభుత్వానికి ఏడున్నర శాతం, అంటే 15 లక్షలు, కిక్కురుమనకుండా కడతాడు. 2021లో ప్రకటించిన తెలంగాణ హరిత నిధి లెక్క ప్రకారం అదే దస్తావేజు మీద పచ్చదనం వాటా 50 రూపాయలు. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద ఆ యాభైకి రెండు కొబ్బరి బోండాలు కూడా రావు. అయినా అడవిని పట్టించుకోలేదని మనల్ని ఎవరూ అనలేరు, పద్దులో దాని పేరు ఉంది మరి. అడవిలో పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పే కేంద్రాన్ని కాస్త పెద్దది చేయాలనుకుంటే మాత్రం దాతల గుమ్మాలు ఎక్కి దిగాలి. డబ్బు పొర్లిపోయే ఈ నార్సింగి-కోకాపేట కారిడార్‌లో అటవీ విద్యకు నిధుల కొరత అంటున్నామంటే, అడగాల్సినవాణ్ని వదిలేసి దారిన పోయేవాణ్ని అడుగుతున్నామని అర్థం.

అటవీ విద్యను పెంచడానికి కావలసిన సరుకంతా చేతికందే దూరంలోనే ఉంది. చిలుకూరులో మృగవని జాతీయ వనం 1994 నుంచి ఉంది. 3.6 చదరపు కిలోమీటర్ల నేల, చుక్కల జింకలు, ఒక పర్యావరణ విద్యా కేంద్రం అక్కడి ఆస్తి. మంచిరేవుల దగ్గర చిలుకూరు రిజర్వు ఫారెస్టులో ట్రెక్ పార్కు ఉంది. ఈ చుట్టుపక్కల గ్రానైటు గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. వాటి సందుల్లో తంగేడు పూస్తుంది, సీతాఫలం కాస్తుంది, పాలపిట్ట వాలుతుంది. రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర పక్షి పాలపిట్ట అని మన పిల్లలు పరీక్షలో తడుముకోకుండా రాస్తారు. ఆ రెండూ ఎదురుపడితే మాత్రం పేర్లు ఫోనును అడుగుతారు. వాన నీటిని ఈ పొదల అడవి ఎలా పట్టి నేలలోకి దించుతుందో, 1908 మూసీ వరద తర్వాత కట్టిన గండిపేటకు దానితో ఏం పనో, అక్కడ నిలబెట్టి చూపిస్తే ఒక్క పూటలో అర్థమవుతుంది. చూపించే మనిషి కావాలి, అంతే.

ఇప్పటిదాకా అడవులకు నిధులు ఎలా వచ్చాయో చూడండి. 2020లో నటుడు ప్రభాస్ దుండిగల్ దగ్గర 1,650 ఎకరాల ఖాజీపల్లి అడవిని దత్తత తీసుకుని రెండు కోట్లు ఇచ్చారు. 2022లో నాగార్జున చెంగిచర్లలో 1,080 ఎకరాలకు మరో రెండు కోట్లు ఇచ్చారు. ఇద్దరూ ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చారు, వాళ్లకు దండం పెట్టాల్సిందే. చిక్కంతా లెక్క దగ్గర వస్తుంది. ఖాజీపల్లికి ఎకరాకు పన్నెండు వేల చిల్లర పడింది. 2025 నవంబరులో కోకాపేట నియోపొలిస్‌లో హెచ్ఎండీఏ వేలంలో ఎకరా 151.25 కోట్లు పలికింది. ఆ ధరకు రెండు కోట్లు పోస్తే వచ్చేది 64 గజాలు. ఇంటి సంగతి దేవుడెరుగు, క్లబ్‌హౌస్ బాత్రూములకే చాలవు. ఒక కుటుంబం ఒక ఫ్లాటుకు పెట్టే సొమ్ముతో 1,650 ఎకరాల అడవి బాగుపడాలని ఎదురుచూస్తున్నామంటే మన ఆశకు జోహార్లు చెప్పాలి.

కాబట్టి అడగాల్సింది వేలంపాటను. 2023 ఆగస్టులో అదే నియోపొలిస్‌లో 45.33 ఎకరాలకు దాదాపు 3,319 కోట్లు వచ్చాయి. అందులో వెయ్యికి ఒక్క రూపాయి అటవీ విద్యకు పక్కన పెట్టినా మూడు కోట్ల పైచిలుకు, ఏ హీరో డేట్లూ అడగకుండా వచ్చి పడేది. కోకాపేట రేటు ఆఫీసుల వల్లా ఔటర్ వల్లా వచ్చింది గానీ జింకల వల్ల కాదు కదా అంటారు. చాలా మటుకు నిజమే. అలాగైతే బ్రోచరు మొదటి పేజీలో టోల్ గేటు బొమ్మ ఎందుకు ఉండదు? చెట్టూ, నెమలీ, చెరువు మీద సూర్యాస్తమయమే ఎందుకు ఉంటాయి? పచ్చదనం వైపు బాల్కనీకి ఫేసింగ్ చార్జీ ఎందుకు వేస్తారు? ధరలో అడవి వాటా ఎంతో అమ్మేవాడికి ఎస్ఎఫ్‌టీ లెక్కన తెలుసు, కొనేవాడికీ తెలుసు. తెలియనట్టు నటించేది సర్కారు పద్దు ఒక్కటే. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే కనీసం దానమన్నా జరుగుతుంది. ఇక్కడ అల్లుడు అత్త చేతికే చందా డబ్బా ఇచ్చి వీధిలోకి పంపాడు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. భూములమ్మిన డబ్బుతోనే పింఛన్లూ రోడ్లూ ఆసుపత్రులూ నడవాలి, పిట్టల పాఠాలకు ఇప్పుడేం తొందర అని. వెయ్యికి ఒక రూపాయి తగ్గితే ఏ పింఛనూ ఆగదు. ఆ పాఠం చెప్పుకోకపోతే ఎంతవుతుందో 2025లో చూశాం. మార్చి చివర, వరుస సెలవులు చూసుకుని, కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వెళ్లాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అది అసలు అడవే కాదని ప్రభుత్వం వాదించుకోవలసి వచ్చింది. ఆ వారంలో రాష్ట్రమంతా ప్రకృతి పాఠం నేర్చుకుంది, ఫీజు చెట్లు కట్టాయి. గుట్ట మీద పొదలో ఏముంటుందో చిన్నప్పుడే చూసినవాడు, పెద్దయ్యాక ఫైలు మీద సంతకం పెట్టేముందు కాస్త ఆగి ఆలోచిస్తాడు. ఆ కాస్త ఆగడం లాయర్ల ఫీజు కంటే చాలా చవక.

సీఎస్ఆర్ ఉంది కదా అనేది మూడో మాట. ఉంది. 2014 ఏప్రిల్ నుంచి చట్టం పరిధిలోకి వచ్చే కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి, ఆ జాబితాలో పర్యావరణమూ ఉంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో లాభాలకూ కొదవ లేదు. కాకపోతే సీఎస్ఆర్‌కు మొక్క నాటడమంటే ప్రాణం. దానికి అరగంట, ఒక టీషర్టు, ఒక ఫొటో చాలు. ఆ మొక్కకు మూడేళ్లు నీళ్లు పోసేవాడి జీతం, బడి పిల్లల్ని తెచ్చే బస్సు డీజిలు ఫొటోలో పడవు. ఏటా మనసు మార్చుకునే దాతను నమ్ముకుని ఏ కేంద్రమూ ఒక టీచరును పర్మనెంటుగా పెట్టుకోలేదు.

ఇక, డబ్బొస్తే కాంక్రీటు పోస్తారని భయపడేవాళ్లతో నాకు పేచీ లేదు. వాళ్ల భయం న్యాయమైనది. ప్రకృతి కేంద్రం విస్తరణ అనగానే మన డీపీఆర్‌లో ముందు దిగేది కమాను, తర్వాత పార్కింగు, ఫుడ్ కోర్టు, సెల్ఫీ పాయింటు, చివరికి నిజం జింక తిరిగే చోట సిమెంటు జింక. పెళ్లి పందిరికి లక్షలు పోసి పురోహితుణ్ని పిలవడం మరిచినట్టు, పాఠం చెప్పేవాడి జీతం ఏ పేజీలోనూ ఉండదు. అందుకే నిధితో పాటే షరతు కూడా రావాలి. ఏడాదిలో ఎన్ని సర్కారు బడుల పిల్లలు వచ్చారు, ఎంతమంది గైడ్లకు నెలనెలా జీతం అందింది అన్నదే విస్తరణకు కొలత కావాలి. పాతికో అంతస్తు పిల్లకు బాల్కనీలోంచి అడవి కనిపిస్తుంది. ఆ టవరు కట్టిన కూలీ బిడ్డకు రేకుల షెడ్డులోంచి ఆ టవరే కనిపిస్తుంది. కేంద్రం ముందు పెరగాల్సింది ఆ షెడ్డు వైపు.

వేలంలో వాటా ఇవ్వడానికి ప్రభుత్వానికి మనసొప్పకపోతే, ఖజానాకు పైసా ఖర్చులేని ఉపాయం ఇంకొకటి ఉంది. రెరా నంబరు లేకుండా ప్రాజెక్టు ప్రకటన వేయకూడదన్న నిబంధన ఎలాగూ ఉంది. దాని కిందే మరో గీత చేర్చాలి. ప్రకటనలో చెట్టు, పిట్ట, చెరువు బొమ్మ వేసుకునేవాళ్లు అటవీ విద్యకు ఎంత కట్టారో రసీదు నంబరుతో సహా అచ్చు వేయాలి. బొమ్మకు ఒక రేటు, ప్రాజెక్టు పేరులోనే అడవిని పెట్టుకుంటే రెట్టింపు. కట్టడం ఇష్టం లేనివాళ్లను బలవంతం చేయనక్కర్లేదు. తమ బాల్కనీలోంచి నిజంగా ఏది కనిపిస్తుందో దాన్నే అచ్చు వేసుకోనివ్వాలి. ఎదురు టవరులో ఆరేసిన బట్టలకు ఫేసింగ్ చార్జీ ఎంత పలుకుతుందో మార్కెట్టే తేలుస్తుంది.