బాకా పద్యం: టీకాతాత్పర్య సహితం

ఆ. వాట్లు చూచి కొనకు, వాక్కు చూచి కొనుము;
ఒక్క వాటు కెంత యొలుకు మ్రోత;
ఉప్పుగాలి తగిలి యుడుగని బాకాయె
కడలి యంచు నింట గట్టి తోడు.

అవతారిక: మైపాడు తీరాన ఇల్లు కట్టుకున్న పాటల పిచ్చివాడొకడు స్పీకర్లు కొనబోతుంటే కవి అడ్డుపడి చెప్పిన పద్యమిది. ఒక వైపు సముద్రం, మరో వైపు రొయ్యల గుంటల్లో ఏరేటర్ల హోరు. ఆ రెంటినీ దాటి గాయకుడు ఎస్పీ బాలు పాట వినబడాలి.

టీక: వాట్లు = డబ్బా మీద అచ్చేసిన అంకె; చూచి కొనకు = నమ్మి డబ్బు పోసుకోకు; వాక్కు = స్పీకరు సెన్సిటివిటీ, అనగా ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిచిన డెసిబెల్స్; ఒలుకు = బయటికి వచ్చు (రానిది వేడి; మామూలు పెట్టెల్లో నూటికి తొంభైతొమ్మిది పాళ్లకు అదే గతి); ఉడుగని = మూగపోని; బాకాయె = హార్న్ స్పీకరే; గట్టి తోడు = నమ్మదగిన తోడు, పెద్దగా మోగే తోడు కూడా.

తాత్పర్యం: 85 డెసిబెల్స్ పెట్టె 105 పలకాలంటే 100 వాట్లు తాగుతుంది. 105 డెసిబెల్స్ బాకాకు ఒక్క వాటు చాలు.

పూర్వపక్షం: అయితే పెద్ద ఆంప్లిఫయరు కొంటే సరిపోదా? పోదు. వాట్లు పోసేకొద్దీ కాయిల్ కాగుతుంది, కాగేకొద్దీ గొంతు పూడుతుంది. దీనికి నిదర్శనం బాలు ఇంట్లోనే ఉంది: తండ్రి సాంబమూర్తి గారు హరికథా భాగవతులు. మైకు లేని రోజుల్లో హరిదాసు గొంతు సభ చివరి వరసకు చేరిందంటే అది బలం కాదు, వాటం. మంచి స్పీకరు లక్షణమూ అదే.

విశేషాలు: మొదటి పాదాన్ని 'స్టిక్కరు చూచి' అని చదివేవారున్నారు. గణం చెడుతుంది కనుక ఆ పాఠం త్యాజ్యం. అర్థం మాత్రం చెడదు. గోడ ప్లగ్గు నుంచి యాభై వాట్లయినా లాగని సెట్ల మీద వేల వాట్ల 'పీఎంపీవో' అచ్చేసిన కాలం మనం చూసిందే.

'బాకాయె' అన్నాడని గుడి మీది గొట్టం తెచ్చి హాల్లో బిగించరాదు. అది మాట దూరం పోవడానికి పుట్టింది, మృదంగం దానికి అందదు. పన్నెండో పదిహేనో అంగుళాల కాగితపు కోను, పైన హార్న్ ఉన్న జోడీ కవి హృదయం. కోను అంచు ఫోముదైతే ఉక్కకు పొడిపొడిగా రాలుతుంది. మడతల గుడ్డ అంచు అడగండి. బిగింపుల తుప్పు ఏటా గీకాలి.

పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా ఉండాలి, తక్కువ వాట్లకే మోగాలి అంటే మూడూ కుదరవు, ఒకటి వదులుకోవాలి. దీనికో ఉపాయంగా 1946లో, అంటే బాలు పుట్టిన ఏడే, అమెరికాలో పాల్ క్లిప్ష్ తన బాకాను గది మూలకు ఆనించి గోడలనే దానికి పొడిగింపుగా వాడుకున్నాడు. మూలలు మన ఇళ్లలోనూ ఉన్నాయి, బీరువాలు జరపాలంతే.

అధికారి నిర్ణయం: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45. ఇంటి సెట్టు మోత ప్రహరీ దగ్గర ఈ పరిమితిని ఐదు డెసిబెల్స్ కంటే ఎక్కువ మించకూడదు. కాబట్టి పది కొట్టాక ఈ పద్యం చెల్లదు.