ఫోన్ల పునర్విభజన చట్టం

పౌరుణ్ని కేంద్రంలో పెట్టి నిబంధనలు రాశామని 2025 నవంబర్ 14న ఢిల్లీ ప్రకటించింది. 2023 ఆగస్టులో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్లో నిబంధనలొచ్చాయి. వాటిలో మనకి పనికొచ్చేవి చాలావరకు ఆ తర్వాత 18 నెలలకి గానీ అమలు కావు. అయినా చట్టం సరళం, సులభం, హేతుబద్ధం, ఆచరణీయం అని వాళ్లకి వాళ్లే కితాబిచ్చుకున్నారు. సరే, అంత వైభవంగా కేంద్రంలో కూర్చున్న ఆ పౌరుడెవరా అని చూస్తే మా ఉయ్యూరు మావయ్య! విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సెల్ షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. ఒక చేతిలో పాత ఫోను, ఇంకో చేతిలో కొత్త ఫోను.

కొత్తది డాలస్‌లో ఉన్న కొడుకు పంపిన ఐఫోను. పాతది బెసెంట్ రోడ్డులో కొన్న ఆండ్రాయిడ్. షాపు కుర్రాడు మర్యాదస్తుడు.

"కాంటాక్టులు ఎక్కడ సేవ్ చేశారండీ? సిమ్ములోనా, ఫోన్లోనా, జీమెయిల్లోనా?"

"ఫోను నంబర్లు ఫోన్లో కాక పెరట్లో ఉంటాయేంటి అబ్బాయ్?" అన్నాడు మావయ్య.

కుర్రాడు జాలిగా నావైపు చూశాడు. ఆ చూపు ఎక్కడో చూసినట్టే ఉంది. రాష్ట్రం విడిపోయినప్పుడు కమలనాథన్ కమిటీ ఉద్యోగుల్ని అడిగిందీ ఇదే కదా: నువ్వు ఎక్కడివాడివి, నీ స్థానికత ఏది? కుర్రాడు పాపం ఫోను మారుస్తున్నాననుకుంటున్నాడు. 2014 నాటి పునర్విభజనని మళ్లీ మొదట్నుంచీ నడిపిస్తున్నానని వాడికి తెలీదు.

పాత ఫోను హైదరాబాదు. ఏళ్ల తరబడి పోగేసిన జనమంతా అందులోనే ఉన్నారు. కొత్త ఫోను అమరావతి. తళతళలాడుతుంది, డిజైను విదేశీ, లోపల మనుషుల్లేరు.

ఇక స్థానికతల లెక్క తీశాం. సిమ్ము స్థానికులు నోకియా కాలం వాళ్లు. సిమ్ములో మామూలుగా 250 దాకా పేర్లు పడతాయి, పేరు పొడుగైతే తోక తెగుతుంది. వీళ్లని ఐఫోను లోపలికి రానిస్తుంది గానీ తిరిగి సిమ్ములోకి పోనివ్వదు. అంటే ఆప్షన్ ఒక్కసారే, మనసు మార్చుకుంటానంటే కుదరదు. జీమెయిల్ స్థానికులది వారానికి ఐదు రోజుల కొలువు. సోమవారం వెలగపూడి సచివాలయంలో కనిపిస్తారు, శుక్రవారం సాయంత్రానికి హైదరాబాద్ రైలెక్కుతారు. ఏ ఫోన్లో ఆ అకౌంటు తెరిస్తే అందులో ప్రత్యక్షమవుతారు, అలాగని పాతదాన్నీ వదలరు. గొడవంతా మూడో రకంతోనే. ఫోను మెమరీలోనే పుట్టి, అందులోనే పెరిగి, బయట ప్రపంచం ఎరగని వాళ్లు. కదలమంటే రాజ్యాంగంలోని 371-డి చూపిస్తారు.

మొత్తం పేర్లు 811. కొత్త ఫోన్లోకి దిగినవి 512. ఎగువన ఆగిపోయినవి 299. డెల్టావాళ్లకి ఈ అంకెలు విడమర్చక్కర్లేదు. 2015లో కృష్ణా నీళ్లకి తాత్కాలిక సర్దుబాటుగా వేసిన లెక్కే ఇది. ఆ తాత్కాలికం ఇంకా పోలేదు. ట్రిబ్యునల్ వేద్దామా మావయ్యా అన్నాను. "వద్దురా, బ్రిజేష్ కుమార్ గారు 2004 నుంచీ చూస్తూనే ఉన్నారు. నాకంత ఆయుష్షు లేదు" అన్నాడు.

దిగిన 512లోనూ చిక్కులే. ఒకే వెంకటేశ్వరరావు అయిదుసార్లు దిగాడు, అయిదుగురికీ ఒకటే నంబరు. సూపర్‌న్యూమరరీ పోస్టులన్నమాట. ఇద్దరు లైన్‌మేన్లు, 'పాత' ఒకడు, 'కొత్త' ఒకడు. కొత్తవాడు కూడా బదిలీ అయిపోయి రెండేళ్లయిందట. 'గేదెల డాక్టరు' వచ్చాడు గానీ మనుషుల డాక్టరు రాలేదు. 'ఎత్తొద్దు 1', 'ఎత్తొద్దు 2', 'ఎత్తొద్దు బ్యాంకు' మాత్రం ఒక్కరూ తప్పిపోకుండా క్షేమంగా చేరారు. అప్పులు జనాభా ప్రాతిపదికన 58:42గా పంచినప్పుడు మన వాటాకి ఏవి వచ్చాయో గుర్తుందిగా, ఇదీ అంతే. డూప్లికేట్లని కలిపేయమంటారా అని ఫోనే అడిగింది. మావయ్య గట్టిగా తలడ్డంగా ఊపాడు. 1956లో ఒకసారి విలీనం చూసిన వంశం మరి.

వాట్సాప్ మాటలు, గొంతులు, పొలం గట్టు ఫొటోలు, పోయిన అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజీ, ఇవన్నీ పునర్విభజన చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల కిందికొస్తాయి. తొమ్మిదో షెడ్యూలు సంస్థలు 91, పదో షెడ్యూలువి 142. దశాబ్దం దాటినా వాటి పంపకం పూర్తిగా తేలలేదు, మావయ్య ఫొటోలు సాయంత్రానికల్లా తేలాలంటే ఎలా? పైగా ఆండ్రాయిడ్‌లోని వాట్సాప్ సంభాషణలు ఐఫోనుకి రావాలంటే ఆ ఐఫోను కొత్తగా తెరిచేదైనా అయ్యుండాలి, లేదా మొత్తం చెరిపేసి మళ్లీ కొత్తది చేసిందైనా అయ్యుండాలి. కొడుకేమో నాన్నకి శ్రమ లేకుండా డాలస్‌లోనే తెరిచి, అన్నీ సెట్ చేసి మరీ పంపాడు. అపాయింటెడ్ డే అమెరికాలోనే దాటిపోయిందన్నమాట.

కుర్రాడు చేతులెత్తేశాక కమిటీ వెయ్యక తప్పలేదు. రాష్ట్ర విభజన మీద వేసిన శ్రీకృష్ణ కమిటీ బాటలోనే నేనూ మావయ్యకి ఆరు మార్గాలు చూపించాను. మొదటిది యథాతథ స్థితి, ఐఫోను తిరుగు పార్సిల్లో డాలస్‌కి. రెండోది, జీమెయిల్‌ని కేంద్రపాలిత ప్రాంతం చెయ్యడం: పాత ఫోన్లోని పేర్లన్నిటినీ గూగుల్ అకౌంటులోకి తరలించి, కొత్త ఫోన్లో ఆ అకౌంటు కలిపి కాంటాక్టుల మీట నొక్కడం. (నిజానికి ఇది పనిచేస్తుంది. కానీ ఆ అకౌంటు పాస్‌వర్డు ఆయనకి తెలియదు, పెట్టిన మనవడికి గుర్తులేదు.) మూడోది పేర్లన్నీ ఒకే వీసీఎఫ్ ఫైలుగా మూటగట్టి లారీకెత్తడం, అప్పట్లో సచివాలయం ఫైళ్లు తెచ్చినట్టు. నాలుగోది అర్ధరాత్రి డాలస్‌తో వీడియో కాల్. అయిదోది కాయితం, పెన్ను. ఆరోది, కమిటీలన్నిటికీ ఇష్టమైనది, సమైక్యం: లాల్చీకి రెండు జేబులున్నాయి కాబట్టి పదేళ్లపాటు రెండు ఫోన్లూ మోయడం. ఉమ్మడి రాజధాని. పునర్విభజన చట్టంలోని సెక్షన్ 8 కింద పాత ఫోను శాంతిభద్రతలు గవర్నరు హోదాలో అత్తయ్య చూసుకుంటుంది. మావయ్య ఆరోదానికే ఓటేశాడు. ఉమ్మడి రాజధానిలో పదేళ్లూ ఎవరుంటారో, ఏడాదికే సర్దుకుని ఎవరొచ్చేస్తారో చూడాలి.

శ్రీకృష్ణ కమిటీ అంటే డెల్టాలో గుర్తొచ్చేది 2010 డిసెంబర్ 30న ఇచ్చిన నివేదిక, 2011 జనవరి 6న బయటపడిన ఆ ఆరు మార్గాలు. ఆ బి.ఎన్. శ్రీకృష్ణ గారే ఇంకో కమిటీకీ నాయకత్వం వహించారు. మన డేటాని ఎలా కాపాడాలన్న కమిటీ. 2018 జులైలో నివేదికతోపాటు బిల్లు ముసాయిదా కూడా రాసిచ్చారు. అందులో డేటా పోర్టబిలిటీ అని ఒక హక్కుంది: నువ్వు ఒక కంపెనీకిచ్చిన నీ సమాచారాన్ని, యంత్రం చదవగలిగే రూపంలో తిరిగి తీసుకోవచ్చు, నేరుగా ఇంకో కంపెనీకి పంపించమనీ అడగొచ్చు. మినహాయింపులు లేకపోలేదు. సాంకేతికంగా సాధ్యం కాదని, వ్యాపార రహస్యమని కంపెనీ తప్పించుకునే సందులున్నాయి. అయినా హక్కు హక్కే. యూరప్‌లో అలాంటిది 2018 మే 25 నుంచీ అమల్లో ఉంది. మన 2019 బిల్లులో అది 19వ క్లాజు. 2022 ఆగస్టు 3న ఆ బిల్లు వెనక్కి తీసుకున్నారు. నవంబర్లో కొత్త ముసాయిదా వచ్చింది, క్లాజు లేదు. 2023లో చట్టం వచ్చింది, క్లాజు లేదు. 2025లో నిబంధనలొచ్చాయి. చట్టంలోనే లేని హక్కు నిబంధనల్లోకి ఎక్కణ్నుంచి వస్తుంది?

చట్టం మనకిచ్చినవి ఇవీ: నా సమాచారం మీ దగ్గర ఏముందో చెప్పమనొచ్చు, తప్పుంటే దిద్దమనొచ్చు, చెరిపేయమనొచ్చు, ఫిర్యాదు చెయ్యొచ్చు, నేను పోయాక నా తరఫున ఈ హక్కులు అడగడానికి నామినీని పెట్టుకోవచ్చు. చచ్చాక ఎవరడగాలో రాసి పెట్టుకోవచ్చట. బతికుండగా నాది నేను పట్టుకెళ్తానంటే మాత్రం ఒక్క సెక్షనూ పలకదు.

ఇది చెయ్యలేని దేశమైతే నోరు మూసుకునేవాణ్ని. 2011 జనవరి 20న, అంటే ఆ ఆరు మార్గాలు బయటపడిన రెండు వారాలకి, దేశమంతటా నంబరు పోర్టబిలిటీ పెట్టింది ఈ ప్రభుత్వ యంత్రాంగమే. కంపెనీ మారినా నంబరు వాడేవాడితోనే ఉంటుందని తేల్చారు. 1900కి ఒక మెసేజి, కోడు, 19 రూపాయలకి మించని రుసుము. ఒకడి కస్టమర్ని ఇంకొకడికి కిక్కురుమనకుండా అప్పగించారు కంపెనీలవాళ్లు, అప్పగించకపోతే ఊరుకోమని చట్టం చెప్పింది గనక. నా పది అంకెలు నావే అని ఒప్పుకున్న ప్రభుత్వానికి, ఆ అంకెలతో నేను పిలుచుకునే మనుషులు నావాళ్లని ఒప్పుకోవడానికి ఏమడ్డొచ్చింది?

ఇదేదో డబ్బున్నోళ్ల ఫోన్ల ముచ్చటని తీసెయ్యకండి. ధాన్యం అమ్మాలంటే వాట్సాప్‌లో హాయ్ కొట్టమంది రాష్ట్రం. 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్ర పెట్టి, ఆఫీసుకి రావద్దు, ఫోన్లోనే అడగమంది. బతుకంతా ఫోన్లోకి తోసింది వాళ్లు. అదే ఏడాది అక్టోబర్ 28న మొంథా తుపాను తీరం దాటిన రాత్రి మావయ్య చేను నేలకొరిగింది. తడి చేలోకి టైర్ల మిషను దిగదు, చైన్ మిషనే కావాలి. ఆ చైన్ మిషను డ్రైవరు నంబరు ఎగువన ఆగిపోయిన ఆ 299లో ఉంది. సింగ్‌నగర్ వాళ్లనడగండి, 2024 సెప్టెంబర్లో బుడమేరు ఇళ్లలోకొచ్చినప్పుడు ఫోను నీళ్లలో పోతే ఇంట్లోవాళ్ల నంబరు కూడా నోటికి రాక ఎంతమంది అల్లాడారో. అప్పుడు వాళ్లకి కావాల్సింది నామినీ కాదు. తమ మనుషుల పేర్లు, ఏ ఫోను చేతికొస్తే ఆ ఫోన్లో.

ఆ క్లాజు 2022లోనే చచ్చిపోయింది. దానికి సంతాప తీర్మానం కూడా లేదు. కొట్టేసినవాళ్లే ఇప్పుడు పౌరుడు కేంద్రంలో ఉన్నాడంటూ ప్రకటనలిస్తుంటే ఒళ్లు మండదా?

 విజయవాడ, మచిలీపట్నం ఎంపీలకి ఒకటే మనవి. 2019 బిల్లులో 19వ క్లాజు చదవండి, ఎంతోసేపు పట్టదు. అది 2023 చట్టంలోకి ఎందుకు రాలేదో సభలో మంత్రిని అడగండి. తెస్తామంటే, ఎప్పుడు తెస్తారో రాసిమ్మనండి. సభలో నోటిమాటగా ఇచ్చే హామీల సంగతి ఈ రెండు నియోజకవర్గాల వాళ్లకి ప్రత్యేక హోదా మాట విన్న 2014 ఫిబ్రవరి 20 నుంచీ తెలుసు.