ఊళ్ళోనేగా!

హెల్మెట్ ఏదిరా అంటే మా పల్నాడు కుర్రాడి దగ్గర తిరుగులేని జవాబొకటి ఉంది: "ఊళ్ళోనేగా బాబాయ్!" ప్రమాదాలన్నీ హైవే మీదే జరుగుతాయని, అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు దిగి నరసరావుపేట పొలిమేరలోకి రాగానే యముడు దున్నపోతును చెట్టుకు కట్టేసి టీ తాగడానికి పోతాడని అతని గట్టి నమ్మకం. ఊళ్ళో బండ్లన్నీ నత్తనడకేగా, నత్త గుద్దితే ఎవడన్నా చస్తాడా?

తర్కం బాగానే ఉంది. చిక్కల్లా భూమితోనే వచ్చింది. దానికి మునిసిపాలిటీ హద్దులు తెలియవు. బండి ఆగి ఉన్నా సరే, అయిదడుగుల ఎత్తు నుంచి పడిన తల నేలను తాకేసరికి గంటకు దాదాపు 20 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. కింద ఉన్నది సిమెంటు రోడ్డు. పైగా కిక్కిరిసిన రోడ్డు మీద చంపేది వేగం ఒక్కటే కాదు, బరువు కూడా. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసుకుపోయే లారీ, పిడుగురాళ్ల బట్టీల నుంచి సున్నం వేసుకొచ్చే లారీ మనిషి నడిచేంత నెమ్మదిగా కదులుతున్నా, వెనక చక్రం తన పని తాను చేసుకుపోతుంది. ఆ చక్రం కింద పడితే హెల్మెట్ కూడా ఏమీ చేయలేదు, ఒప్పుకుంటాను. మరి దాని పక్కన మనవాడికేం పని?

పని ఉంది. సందు ఉంది కదా! సాయంత్రం పూట నరసరావుపేట మల్లమ్మ సెంటర్‌లో నిలబడి చూడండి. ఆర్టీసీ బస్సు, దాని ముందు ఉన్నట్టుండి ఆగిన షేర్ ఆటో, ఆటో పక్కన అరటిపండ్ల బండి, వీటన్నిటి మధ్య ఇటుకల ట్రాక్టరు. మనకు కనిపించేది ట్రాఫిక్. మనవాడికి కనిపించేది సందులు. బస్సులోంచి జనం దిగే వైపు నుంచే, అంటే ఎడమ పక్క నుంచే దూరతాడు. ట్రాక్టరు మలుపు తిరుగుతుంటే లోపలి వైపు ఖాళీ కనబడుతుంది, అందులోకి పోతాడు. ఇంజను పోయిన దారినే వెనక ట్రక్కు పోదనీ, మలుపు లోపలికి కోసుకుంటూ వస్తుందనీ, ఆ ఖాళీ మూసుకుపోవడానికే తెరుచుకుందనీ ట్రాక్టరు తోలే ప్రతి రైతుకూ తెలుసు. అదే రైతు బైకెక్కితే మర్చిపోతాడు, అదో వింత.

సందు కొలవడానికి వీళ్ళ దగ్గరున్న కొలబద్ద హ్యాండిల్. హ్యాండిల్ పడితే బండి పట్టినట్టే. హ్యాండిల్‌కన్నా అద్దాలు బయటికొస్తున్నాయని వాటిని ఎప్పుడో పీకి ఇంట్లో పెట్టారు. అయితే వెనక ఒక పక్కకి తిరిగి కూర్చున్న ఇల్లాలి మోకాళ్ళు హ్యాండిల్ దాటి ఉంటాయి. ఒళ్ళో సంచి, సంచి మీద పిల్లాడు. ఆయన లెక్క ప్రకారం బండి దూరింది. ఆవిడ మోకాలు మాత్రం ఆటో రేకుకు తగిలి గీసుకుపోయింది. "చూసుకోవద్దా?" అని కసురుకునేది ఎవరనుకున్నారు? ఆయనే, ఆవిణ్ణే.

శివరాత్రికి కోటప్పకొండ దారిలో ఈ విద్య పరాకాష్ఠకు చేరుతుంది. చేతులెత్తి మొక్కాల్సినంత ఎత్తు కరెంటు ప్రభ కదులుతుంటుంది, అది ఒరగకుండా జనం మోకులు పట్టుకుని లాగుతుంటారు. మనవాడు వంగి ఆ మోకు కింద నుంచి హారన్ కొట్టుకుంటూ పోతాడు. హారన్ కొట్టాక త్రికోటేశ్వరుడైనా సరే, తప్పుకోవాలి మరి.

కాస్త చదువుకున్న అల్లుళ్ళు దీనికి అమెరికా సాక్ష్యం పట్టుకొస్తారు. "కాలిఫోర్నియాలో కార్ల మధ్య బైకు పోనివ్వడం చట్టమే మామయ్యా!" నిజమే, 2017 జనవరి 1 నుంచి అక్కడ అది చట్టబద్ధం. బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2015లో అధ్యయనం కూడా చేశారు. పక్క బండ్ల వేగం గంటకు 80 కిలోమీటర్లు దాటకుండా, వాటికన్నా మన వేగం 24 కిలోమీటర్లకు మించి ఎక్కువ కాకుండా ఉంటే ముప్పు తక్కువని తేల్చారు. అల్లుడుగారు వదిలేసిన సంగతులు రెండు: అక్కడ 1992 నుంచి బైకెక్కిన ప్రతివాడికీ హెల్మెట్ తప్పనిసరి, ఆ సందులో గేదె ఎదురు రాదు.

ఎండ సంగతి వేరు. రాష్ట్రంలో ఎండలనగానే ముందు రెంటచింతల పేరు చెబుతారు, అక్కడ మే నెల మధ్యాహ్నం హెల్మెట్ పెట్టుకోమనడం తేలిక కాదు. ఈ వాదానికి నేను సగం తల వంచుతాను. మిగతా సగం ఎందుకు వంచనంటే, ఆ ఎండలోనే మనవాడు మందపాటి తువాలు రెండు చుట్లు చుట్టి, కళ్ళు తప్ప అన్నీ మూసేసుకుని పోతుంటాడు. ఉక్క హెల్మెట్‌లోనే ఉంటుంది కాబోలు, తువాల్లో ఉండదు.

ఇక పౌరుషం. కారంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలకు ఇప్పటికీ పూజలు జరుగుతాయి. కార్తీకంలో అయిదు రోజుల తిరునాళ్ళకు, చివరి రోజు కల్లిపాడుకు, ఒక్కో బండి మీద ముగ్గురేసి కుర్రాళ్ళు మాచర్ల, గురజాల రోడ్ల మీద బారులు తీరతారు. ఆ వీరులు యుద్ధానికి ఆయుధాలు చేత పట్టుకుని పోయారు. ఈ వీరుడి హెల్మెట్ మోచేతికి వేలాడుతుంటుంది, పోలీసు కనబడ్డాక తలకెక్కుతుంది. 2019 సవరణ తర్వాత చట్టంలో హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు, మూడు నెలలు లైసెన్సు రద్దు, ముగ్గురెక్కినా అంతే. వీరుడు భయపడేది ఆ వెయ్యికే. 2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది, అందులో ద్విచక్ర వాహనాల వాళ్ళు 74,897. హెల్మెట్ లేక పోయినవాళ్ళు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో ఎంతమంది ఊళ్ళోనే కదా అనుకున్నారో ఆ లెక్కలో లేదు.

మనవాళ్ళకి సాటి మనిషి మీద దయ లేదంటే మాత్రం ఒప్పుకోను. సైడ్ స్టాండ్ తియ్యకుండా కదిలారంటే చాలు, నాలుగు దిక్కుల నుంచీ "అన్నాయ్, స్టాండ్!" అని కేకలు. పమిట చక్రం వైపు జారితే వెంటపడి మరీ చెబుతారు. పట్టపగలు మీ లైటు వెలుగుతుంటే ఎదురొచ్చే ప్రతివాడూ వేళ్ళు ముడిచి విప్పి సైగ చేస్తాడు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు లైటు ఆరకుండా కంపెనీలే బిగిస్తున్నాయి, ఎదుటివాడికి మనం కనబడాలని. అయినా సైగ ఆగలేదు. ఇంత ప్రేమగల జనంలో ఒక్కడంటే ఒక్కడు బోడితల చూపించి "అన్నాయ్, హెల్మెట్!" అన్న పాపాన పోలేదు.

పేట ట్రాఫిక్‌లో బండి ఎట్లా నడపాలో తెలిసినవాణ్ణి ఒకణ్ణి చూశాను. కోడిగుడ్ల ట్రేలు వెనక నిలువుగా కట్టుకుని వీధివీధీ తిరుగుతాడు. ముందు బండికి దూరం వదులుతాడు. ఆ ఖాళీలోకి ఇంకెవడో దూరితే, దూరనిచ్చి మళ్ళీ దూరం వదులుతాడు. హాఫ్ క్లచ్‌లో బండిని నిలకడగా పోనిస్తూ, వెనక బ్రేకు మీద కాలు మెత్తగా ఆనించి, చూపు ముందున్న చక్రం మీద కాక నాలుగు బండ్ల అవతల పెడతాడు. బస్సుకు ఎడమ పక్క నుంచి పోడు, మలుపులో ట్రాక్టరు పక్కన నిలబడడు. వెనక ఎంత హారన్ మోగినా తొందరపడడు. ముచ్చటేసి ఆపి అడిగితే, "ఎట్టా దూరతాం బాబాయ్, వెనక సరుకుంది" అన్నాడు.

హెల్మెట్ ఏదయ్యా అన్నాను. ట్రేలకు అడ్డమొస్తోందని ఇంట్లో వదిలేసి వచ్చాడట.