మబ్బు బాబాయ్

వేంసూరులో మాకో జిరాక్సు కొట్టు బాబాయ్ ఉన్నాడు. ఇలాంటి బాబాయ్ లేని మండల కేంద్రం ఉండదు. చెవి మీద బాల్‌పెన్ను, మెడలో పెన్‌డ్రైవుల గుత్తి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక కంప్యూటర్ మాట. కరెంటు బిల్లు కట్టాలన్నా, పెళ్ళికార్డు వేయించాలన్నా, పామాయిల్ గెలల లెక్క టైపు చేయించాలన్నా ఆయనే దిక్కు.

గూగుల్ వాడు క్లౌడ్‌లో, అంటే డ్రైవ్ అనే మబ్బులో, 15 జీబీ జాగా ఉచితంగా ఇస్తాడని తెలిసిన రోజు నుంచి ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. "నా ఫైళ్ళన్నీ మబ్బులో ఉన్నాయిరా అబ్బాయ్! కొట్టు తగలబడ్డా ఒక్క కాగితం కమరదు" అనేవాడు. ఆ ధీమాతో ఇంట్లో ఉన్న హార్డ్‌డిస్కును సినిమాలు ఎక్కించుకోమని బావమరిది కొడుక్కి ఇచ్చేశాడు. మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోవడం అంటే ఏమిటో మా ఊరు అప్పుడే చూసింది.

ఆయనకు లోకజ్ఞానం తక్కువేం కాదు. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా ఫైళ్ళకు తాళాలేసి, తాళంచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. ఆంధ్రా పోలీసుల కంప్యూటర్లనూ వదల్లేదు. "దొంగలు పోయిపోయి పోలీసులింట్లో పడ్డారు" అని బాబాయ్ వారం రోజులు నవ్వాడు. 2019లో అలాంటిదే తగిలి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ విద్యుత్ పంపిణీ సంస్థల సైట్లు మూలబడితే, బిల్లు కట్టడానికొచ్చిన వాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టి మరీ మబ్బు మహిమ వినిపించాడు.

ఒక మధ్యాహ్నం పెళ్ళివారెవరో పెన్‌డ్రైవు తెచ్చారు. అందులో కార్డుల డిజైన్లు చేసే సాఫ్ట్‌వేర్ ఉందిట, అదీ ఊరికే. ఊరికే వచ్చేదాన్ని కాదనే గుణం బాబాయ్‌కి లేదు. ఎక్కించాడు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ తెరిస్తే ప్రతి ఫైలుకీ తోక మొలిచి ఉంది. ఏదీ తెరుచుకోదు. మధ్యలో ఒక చీటీ: తాళంచెవి కావాలంటే బిట్‌కాయిన్ పంపు. బాబాయ్ సత్తుపల్లిలో తెలిసిన బంగారం కొట్టుకు ఫోన్ చేసి, అది తులం ఎంత పలుకుతోందో కనుక్కున్నాడు. తర్వాత ధైర్యం తెచ్చుకుని, "మబ్బు ఉండగా మనకేం భయం!" అంటూ ఫోన్లో డ్రైవ్ తెరిచాడు. అక్కడా అవే తోకలు.

డిగ్రీ చదివే మేనకోడలు వచ్చి చూసింది. "నువ్వు పెట్టుకున్నది సింక్, మామయ్యా. అద్దం లాంటిది. నీ మొహానికి మసి పూస్తే అద్దంలోనూ మసే కనపడుతుంది. అయినా కంగారు పడకు. తుడిచేసిన ఫైళ్ళు గూగుల్ ట్రాష్‌లో ముప్పై రోజులుంటాయి. అసలువి అక్కడుంటే వెనక్కి లాగుదాం."

బాబాయ్ తల దించుకున్నాడు. రోజూ కొట్టు మూసేముందు ఊడ్చి, దీపం పెట్టి, ఫోన్లో ట్రాష్ ఖాళీ చేసి ఇంటికెళ్ళడం ఆయన నియమం. రాత్రి చెత్త మామూలుకంటే చాలా ఎక్కువ ఉంటే, ఎంత శుభ్రం చేశానో అని మురిసిపోయాడు కూడా.

ఆపైన పది రోజులు బాబాయ్ ఇల్లిల్లూ తిరిగాడు. "అమ్మా, మీ అమ్మాయి పెళ్ళికార్డు వాట్సాప్‌లో పంపానుగా, ఉందా?" "పెద్దాయనా, గెలల లెక్క పంపాను, తుడిచెయ్యలేదు కదా?" ఊరివాళ్ళు ఫోన్లు తీసి ఒక్కొక్కటే తిరిగి పంపారు. మబ్బు కాపాడనిది, ఫోన్లో ఏదీ తుడవని మా ఊరి బద్ధకం సగానికి సగం కాపాడింది.

ఇప్పుడు బాబాయ్ మబ్బు మానలేదు. ట్రాష్ జోలికి మాత్రం పోడు. కొత్త హార్డ్‌డిస్కు ఒకటి కొన్నాడు. ఆదివారం ఆదివారం కాపీ చేసి, తీగ పీకేసి, వైరస్‌కే కాదు బావమరిది కొడుక్కీ అందకుండా బియ్యం డబ్బాలో దాస్తాడు. పిన్ని సోలతో బియ్యం కొలిచినప్పుడల్లా వంటింట్లో ఠంగుమని మోగుతుంది. ముందుగదిలో బాబాయ్ మొహంలో నిశ్చింత కనపడుతుంది.